ఇద్దరు మనుషులు, ఒక నేల: కృష్ణా తీరంలో ఫొటో సిరీస్ చేసే పద్ధతి

మారిపోతున్న ఊళ్ల మీద, అక్కడి మనుషుల మీద ఒక ఫైన్ ఆర్ట్ సిరీస్ చేయాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి అని విజయవాడ, గుంటూరు వైపు నుంచి తరచుగా అడుగుతున్నారు. అడిగేవారిలో ఎక్కువమంది మొదటి ప్రశ్న కెమెరా గురించే. ఇక్కడ కెమెరా నాలుగో అంశంగా వస్తుంది, అంతకుముందు రాదు.

ఇది పన్నెండు నుంచి పదహారు ఫొటోల సిరీస్‌ను ఓపిగ్గా ఒక ఏడాది చేయగలవారి కోసం. బ్యారేజీ మీద ఒక మంచి సూర్యాస్తమయం చాలనుకునేవారికి ఇంత శ్రమ అక్కర్లేదు.

1. ముందు బంధాన్ని ఎంచుకోండి

‘మారుతున్న అమరావతి’ అని పేరు పెట్టుకుని బయల్దేరితే చేతికి వచ్చేవి క్రేన్లు, ఖాళీ నేల, ఎర్రటి ఆకాశం. వాటిని ఎవరైనా తీయగలరు, తీశారు కూడా. పేరు చిన్నదిగా ఉండాలి: ఇద్దరు మనుషులు, వాళ్ల బంధం నడిచిన ఒక నేల. ఈ మూడు ప్రశ్నలకు ఒక్కో వాక్యంలో జవాబు రాసుకోండి:

- ఈ ఇద్దరు ఒకరికొకరు ఏమవుతారు?
- ఆ బంధం ఏ నేల మీద నడిచింది?
- ఆ నేలకు ఏమైంది?

మూడో ప్రశ్నకు జవాబు మారితే మొదటి ప్రశ్నకు జవాబు కూడా మారాలి. అలా మారకపోతే మీ విషయం ఇంకా కుదరలేదు.

ఉదాహరణకు గట్టునే తీసుకోండి. రాజధాని కోసం 2015లో భూ సమీకరణ మొదలైన 29 గ్రామాల్లో పక్కపక్క చేల రైతులను కలిపినదీ, పోట్లాడించినదీ ఆ గట్టే. భూములిచ్చినవారికి తిరిగి వచ్చే ప్లాట్లను లాటరీ పద్ధతిలో కేటాయించారు కనుక పాత గట్టు పొరుగువారు కొత్త లేఅవుట్‌లో కూడా పొరుగువారే కావాలని లేదు. ముప్ఫై ఏళ్లు గట్టు తగాదా పడ్డ ఇద్దరు ఇప్పుడు తగాదా పడడానికి గట్టే లేని చోట ఎదురుపడితే ఎలా నిలబడతారు? ఒక సిరీస్‌కు ఇది సరిపోతుంది.

కౌలు రైతు, భూ యజమాని మరో జంట. భూమి ఇచ్చినందుకు యజమానికి ఏటా కౌలు సొమ్ము, ప్లాట్లు అందాయి. ఆ చేనును నిజంగా దున్నిన మనిషికి ఆ నేలతో ఉన్న లెక్క వేరు. ఇద్దరినీ ఒకే ఫ్రేములో నిలబెట్టడానికి ధైర్యం కావాలి, అంతకన్నా ఎక్కువగా వాళ్ల సమ్మతి కావాలి.

పసుపు కుంకుమ కింద ఆడపిల్లకు ఇచ్చిన పొలం ఇంకో దారి. అది అమ్ముడయ్యాక పుట్టింటికి, ఆమెకు మధ్య మిగిలిందేమిటి? ఈ ప్రాంతంలో ఇంటింటికీ ఉన్న కథ ఇది. ఫొటోల్లో నాకు దాదాపు కనిపించలేదు.

నగరంలోనూ కొదవ లేదు. మాచవరం, మొగల్రాజపురం, చిట్టినగర్ కొండల మీద ఒకే మెట్ల వరుసను పంచుకునే ఇళ్లున్నాయి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు కింది అంతస్తులవాళ్లు పై అంతస్తులవాళ్ల దగ్గర తలదాచుకున్నారు. ఆ రోజుల తర్వాత ఆ రెండు కుటుంబాల మధ్య మాట ఎలా ఉందో కనుక్కోండి. గుంటూరు వైపు మిర్చి తొడిమలు తీసే చోట ఒకే రాశి ముందు కూర్చునే అత్తాకోడళ్లున్నారు.

ఒకటే తీసుకోండి. రెండు తీసుకుంటే రెండూ పలచబడతాయి.

2. స్థలాన్ని చదవండి

కెమెరా లేకుండా వెళ్లండి. గూగుల్ ఎర్త్ కంప్యూటర్ వెర్షన్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. మీ స్థలం పదేళ్ల కిందట ఎలా ఉందో, ఇప్పుడెలా ఉందో పక్కపక్కన పెట్టి ప్రింటు తీసుకోండి. ఆ కాగితం పట్టుకుని ఊళ్లో పెద్దవారితో నడవండి. ‘ఇదిగో ఇక్కడే మా మోటబావి’ అని వాళ్ల వేలు ఎక్కడ ఆగితే అక్కడ మీ ఫొటో ఉంది.

రాసుకోవాల్సినవి:

- ఇంకా మిగిలి ఉన్నవి: చెట్టు, బోరు షెడ్డు, సరిహద్దు రాయి, కాలువ తూము
- పోయినా గుర్తు మిగిల్చినవి: గోడ మీద వరద నీటి గీత, పూడ్చిన బావి చుట్టూ పల్లం
- కదలనివి: ఉండవల్లి కొండ, మంగళగిరి కొండ, ఇంద్రకీలాద్రి. ఇవి ఏడో అంచెలో పనికొస్తాయి
- నీడ ఏ వేళకు ఎటు పడుతోంది

3. అనుమతి

అందరూ తొందరపడేది ఇక్కడే. అనుమతి అంటే కాగితం మీద సంతకం మాత్రమే అనుకుంటారు. సంతకం చివర్లో వస్తుంది.

మొదటిసారి కలిసినప్పుడు ఫొటో తీయకండి. ఏం చేయబోతున్నారో, ఫొటోలు ఎక్కడ కనిపిస్తాయో చెప్పండి. మీరు ఇంతకుముందు తీసిన ఫొటోల ప్రింట్లు ఏవైనా ఉంటే చూపించండి. వేరేవాళ్ల ముఖాలను మీరు ఎలా చూపించారో చూశాకే తమ ముఖం ఇవ్వాలా వద్దా అని తేల్చుకుంటారు. ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడండి. ఒకరి ముందు మరొకరు ‘వద్దు’ అనలేకపోవచ్చు, ముఖ్యంగా అత్త ముందు కోడలు, యజమాని ముందు కౌలు రైతు.

సమ్మతి పత్రం తెలుగులో, ఒక పేజీ దాటకుండా ఉండాలి. చదువు రానివారికి సాక్షి ముందు పైకి చదివి వినిపించండి. అందులో ఉండాల్సినవి:

- ఫొటోలు ఎక్కడెక్కడ వాడతారు: ప్రదర్శన, పుస్తకం, ఇంటర్నెట్. ఒక్కోదానికి విడిగా అవును, కాదు
- అసలు పేరు రాయాలా, వద్దా
- అమ్మితే వాళ్లకు వచ్చేది ఏమిటి
- ఏ తేదీ లోపు మనసు మార్చుకుని ఫొటో వద్దనవచ్చు
- పద్దెనిమిదేళ్లు నిండనివారికి తల్లి లేదా తండ్రి సంతకం

భూమి ఉన్న చోట తగాదా ఉంటుంది. పంపకాల కేసు నడుస్తున్న కుటుంబంలో ఎవరు ఏ చేలో నిలబడి ఉన్నారన్నది మీకు కేవలం కంపోజిషన్, వాళ్లకు సాక్ష్యం. కేసుందా అని ముందే అడగండి. సర్వే నంబర్లు, పాసుపుస్తకాలు, ఇంటి నంబర్లు ఫ్రేములోకి రానివ్వకండి.

బ్యారేజీ, రైల్వే వంతెన, స్టేషన్ల దగ్గర ట్రైపాడ్ పెడితే పోలీసులు ఆపి అడుగుతారు. సంబంధిత అధికారి అనుమతి ముందుగా తీసుకోండి. డ్రోన్ అయితే ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడకుండా ఎగరేయవద్దు. అసలు ఈ పనికి డ్రోన్ వద్దనే నా సలహా. మూడు వందల అడుగుల ఎత్తు నుంచి అన్నదమ్ములైనా, అపరిచితులైనా ఒకేలా కనిపిస్తారు.

4. సామగ్రి

తక్కువగా ఉంచండి. ఒక బాడీ, ఒక లెన్స్, ట్రైపాడ్. ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే 35 ఎం.ఎం., చిన్న సెన్సర్ అయితే 23 లేదా 24 ఎం.ఎం. సిరీస్ మొత్తం ఒకే లెన్స్‌తో చేస్తే ఫొటోల మధ్య దూరాలు పోల్చడానికి వీలుగా ఉంటాయి. ఈ పనికి అదే ప్రాణం.

35తో ఒక సులువైన లెక్క ఉంది: మీకు మనుషులు ఎంత దూరంలో ఉంటే ఫ్రేము వెడల్పు కూడా దాదాపు అంతే. అడ్డంగా పట్టిన కెమెరాకు ఎనిమిది మీటర్ల దూరంలో మనిషిని నిలబెడితే ఎనిమిది మీటర్ల వెడల్పు నేల కనిపిస్తుంది, మనిషి ఎత్తు ఫ్రేములో మూడో వంతుకు కాస్త తక్కువ ఉంటుంది. మనిషీ నేలా సరిసమానంగా మాట్లాడే దూరం అది. ఫోనుతో తీసేవారు ఇంకొంచెం దగ్గరికి జరగాలి, దాని ప్రధాన కెమెరా వెడల్పు ఎక్కువ.

ఫైలు రా (RAW, కెమెరా కుదించని పూర్తి ఫైలు) ఫార్మాట్‌లోనే ఉండాలి. ఎండలో వెనక తెరను నమ్మకండి, ఫొటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు, హిస్టోగ్రామ్, చూడండి. మన తేమకు లెన్స్‌లో బూజు త్వరగా పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో దాచండి. ఏసీ గదిలోంచి నేరుగా ఎండలోకి తెస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది, బ్యాగు మూసి ఉంచి అరగంట ఆగండి.

5. క్యాలెండరు వేసుకోండి

ఈ నేల రుతువుకో రకంగా ఉంటుంది. ఒకే రుతువులో పని ముగిస్తే ‘మారుతున్న’ అన్న మాట వాడుకునే హక్కు ఉండదు.

డిసెంబరు, జనవరి: నది పక్కన పొగమంచు. సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. వెనక ఉన్న కట్టడాలను మంచు దాచేస్తుంది కనుక ఇద్దరు మనుషుల మీదే దృష్టి నిలుస్తుంది. అయితే ప్రతి ఫొటోకూ మంచే కావాలంటే కథ కూడా మసకబారుతుంది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్: గుంటూరు చుట్టూ కల్లాల్లో మిర్చి ఆరబోస్తారు. ఆ ఎరుపును సెన్సర్ తట్టుకోలేదు. మామూలు హిస్టోగ్రామ్ బాగానే ఉన్నట్టు చూపినా ఎరుపు చానెల్ విడిగా కాలిపోయి, కాయల మీద గీతలు, మెరుపులు అన్నీ ఒకే ముద్దగా వస్తాయి. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించి మొదలుపెట్టండి. మిర్చి దుమ్ము లెన్స్ మీద పడితే గుడ్డతో తుడవకండి, బ్లోయరుతో ఊదండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ చేతులతో కళ్లు నలపకండి.

మే, జూన్ మొదలు: కృష్ణా డెల్టా కాలువలకు సాధారణంగా నీళ్లు కట్టేస్తారు. విజయవాడ మధ్యగా పోయే ఏలూరు, బందరు, రైవస్ కాలువల అడుగులు బయటపడతాయి. ఎండ ముదరక ముందే పని ముగించాలి. సూర్యోదయం ఐదున్నర ప్రాంతంలో కనుక ఐదింటికే స్థలంలో ఉండండి. పెద్దవయసు వారిని ఉదయం తొమ్మిది తర్వాత ఎండలో నిలబెట్టకండి.

ఆగస్టు నుంచి అక్టోబరు: వరద కాలం. నీరు పెరుగుతున్నప్పుడు లంకల్లోకి వెళ్లవద్దు. ఫొటో కోసం ఎవరినీ ఒడ్డుకు దగ్గరగా నిలబెట్టవద్దు.

6. ఫొటో తీసే రోజు

ఈ వరుస మార్చకండి.

మొదట మనుషులు లేకుండా స్థలాన్ని తీయండి. ట్రైపాడ్ మీద, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) f/8 లేదా f/11, ఐఎస్ఓ 100. కెమెరా ఎత్తు మీ ఛాతీ దగ్గర. కళ్ల ఎత్తులో పెడితే నేల వాలిపోయినట్టు, మరీ కింద పెడితే మనుషులు విగ్రహాల్లా కనిపిస్తారు.

తర్వాత ఇద్దరినీ పిలిచి, ‘మీరు మామూలుగా ఎక్కడ నిలబడతారో అక్కడ నిలబడండి’ అని మాత్రమే చెప్పండి. ఎంత దూరంగా నిలబడ్డారు, ఎవరు ముందున్నారు, ఎవరు నేల వైపు చూస్తున్నారు అన్నది గమనించండి. మీరు సర్దక ముందు వాళ్లంతట వాళ్లు తీసుకున్న ఎడం ఉంది చూడండి, మీ సిరీస్‌కు అసలు విషయం అదే. ఆ ఎడాన్ని చెడగొట్టకుండా మొదటి ఫొటో తీయండి. షట్టర్ 1/125 సెకనుకు తగ్గకుండా చూసుకోండి.

ఇక్కడ చాలామంది పొరపాటున ‘దగ్గరికి రండి, భుజం మీద చెయ్యి వేయండి’ అంటారు. పెళ్లి ఫొటోల అలవాటు అది. అన్నదమ్ముల మధ్య రెండు గజాల నేల ఉందంటే, ఆ రెండు గజాలకూ ఒక కారణం ఉంటుంది.

రెండో ఫొటోకు వాళ్లకు ఒక పని ఇవ్వండి. ‘పాత గట్టు ఎక్కడినుంచి ఎక్కడికి ఉండేదో నడిచి చూపించండి.’ ‘వరద నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెయ్యి పెట్టి చూపించండి.’ చెయ్యి పని చేస్తుంటే ముఖం కెమెరాను మరచిపోతుంది. ఇద్దరూ రెండు వేర్వేరు చోట్లు చూపిస్తే వాదించుకోనివ్వండి. మీరు మధ్యలోకి వెళ్లకండి.

మూడోది, ఒక్కొక్కరినీ విడిగా అదే చోట. రెండో మనిషి నిలబడిన జాగాను ఖాళీగా ఉంచి తీయండి. ఎంపిక సమయంలో ఈ జతలు చాలా ఆదుకుంటాయి.

చివరగా చేతికందే వస్తువులు: పాత తాళం చెవులు, కొడవలి, పెళ్లినాటి ఫొటో. నేల మీదే పెట్టి, పై నుంచి, నీడలో తీయండి. రెండు మూడు చాలు.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఈ రెండు జిల్లాల్లో లెక్కలేనన్ని. అక్కడ లేని మనిషిని చూపించడానికి ఖాళీ కుర్చీ తీయాలనిపిస్తుంది. వద్దు, అరిగిపోయింది. కొడుకు కోసం కట్టించి తాళం వేసిన పై అంతస్తు తీయండి. వీడియో కాల్ వచ్చే వేళకు తల్లి ఇంట్లో సిగ్నల్ కోసం ఏ మూల నిలబడుతుందో చూడండి.

7. మళ్లీ అదే చోట

మార్పు కనిపించాలంటే నెలల తర్వాత అదే బిందువు నుంచి తీయాలి. ఫోనులోని జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పుతుంది, దానిమీదే ఆధారపడకండి. ముందున్న ఒక వస్తువు, దూరపు కొండ అంచు ఒకే గీతలోకి వచ్చే చోటు వెతకండి. అలాంటి గీతలు రెండు దొరికితే అవి కలిసే చోట మీ ట్రైపాడ్ ఉండాలి. దగ్గరి గుర్తుగా కరెంటు స్తంభాన్ని మాత్రమే నమ్ముకుంటే రోడ్డు వెడల్పు పనుల్లో అది పోతుంది. మరో గుర్తును కూడా రాసి పెట్టుకోండి.

నోటు పుస్తకంలో ప్రతిసారీ: తేదీ, వేళ, లెన్స్, కెమెరా ఎత్తు, ఏ దిక్కు చూస్తోంది, ఆకాశం స్థితి. పాత ఫొటో ప్రింటు వెంట తీసుకెళ్లి తెరతో పోల్చుకోండి. పోలిక సరిపోయాక మాత్రమే మనుషులను పిలవండి.

8. తరచుగా కనిపించే తప్పులు, వాటికి మందు

అన్నీ నలుపు తెలుపులో ఉంటాయి. బాధగా కనిపించాలని చేసే పని ఇది. నేల రంగే మారిన చోట రంగు తీసేస్తే సాక్ష్యమే పోతుంది. నది పక్కన సారవంతమైన జరీబు నేల నలుపు, దాని మీద పోసిన గ్రావెల్ ఎరుపు, రెండూ ఒకే ఫ్రేములో ఉంటే వివరణ రాయాల్సిన పని తగ్గుతుంది.

అందరూ దిగులుగా ఉంటారు. భూమి అమ్మి సంతోషంగా ఇల్లు కట్టుకున్నవారూ ఉన్నారు. వాళ్లను వదిలేస్తే మీరు ముందే తీర్పు రాసుకుని వెళ్లారని చూసేవారికి తెలిసిపోతుంది. నవ్వుతున్న ఫొటో కనీసం ఒకటి ఉంచండి.

నేపథ్యం మసకబారుతుంది. అపర్చర్ f/1.8 పెట్టి వెనక అంతా కరిగిస్తే స్థలం పోయినట్టే. f/8కి వెళ్లండి.

ముఖాలు తెల్లబడతాయి. ఎండలో పనిచేసినవారి ఒంటిరంగును ఎడిటింగ్‌లో తేలిక చేయకండి. నీడలో ముఖం నల్లగా వస్తే ముందే తెల్ల ధర్మాకోల్ పలకతో వెలుగు తిప్పండి, లేదా ఇద్దరినీ వెలుగు వైపు జరపండి.

ఆకాశం ఎక్కువవుతుంది. దిగంతాన్ని పై మూడో వంతులో పెట్టండి. కథ నేలలో ఉంది.

9. ఎంపిక, వరుస

ఏడాది చివర వందల ఫొటోలుంటాయి. అంతకుముందే ప్రతి విడతా మూడు చోట్ల దాచండి: రెండు వేర్వేరు డిస్కులు, ఒకటి ఇల్లు దాటి మరోచోట. బుడమేరు వచ్చినప్పుడు ఒకే బీరువాలో ఉన్న రెండు డిస్కులూ కలిసే మునుగుతాయి.

మంచివనిపించిన అరవై ఫొటోలను నాలుగు బై ఆరు అంగుళాల చవక ప్రింట్లుగా వేయించండి. తెర మీద వరుస కుదర్చడం అసాధ్యమని నా అభిప్రాయం. నేల మీద పరిచి, నిలబడి చూడండి.

మొదట అందమైనవి పక్కన పెట్టండి. ఎవరూ లేని సూర్యోదయం, నీటి మీద పడవ, ఇవి మిమ్మల్ని మోసం చేస్తాయి. మిగిలినవాటిలో ఒక్కో ఫొటో తిప్పి వెనక పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాయండి: ఇందులో ఇద్దరి మధ్య ఏం జరుగుతోంది? రాయలేకపోతే తీసేయండి. రెండు ఫొటోలకు ఒకే వాక్యం వస్తే ఒకటి తీసేయండి.

తేదీల క్రమంలో పెట్టకండి. దూరాల క్రమంలో పెట్టి చూడండి: దగ్గరగా నిలబడినవి, ఎడంగా నిలబడినవి, ఒక్కరే ఉన్నవి. ఎక్కడ ఎడం పెరుగుతుందో, ఎక్కడ మళ్లీ తగ్గుతుందో తెలుస్తుంది. ఆ ఊపు దొరికాక ఖాళీ స్థలం ఫొటోలను ఊపిరి తీసుకునే చోట్లలో ఇరికించండి, మూడుకు మించకుండా. వారం గోడకు అంటించి ఉంచండి. రోజూ కంటికి అడ్డం పడేది ఏదైనా ఉంటే అది సిరీస్‌లో ఉండకూడనిది.

తర్వాత ఆ వరుసను ఫొటోల్లో ఉన్నవారికి చూపించండి. విమర్శకుల కన్నా ముందు. ‘ఇది మా తమ్ముడికి చూపించవద్దు’ అని ఎవరైనా అంటే ఆ ఫొటో పోతుంది, ఎంత గొప్పదైనా సరే.

10. ప్రింటు

24 మెగాపిక్సెల్ ఫైలు అంటే 6000 బై 4000 పిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 అంగుళాల వెడల్పు వస్తుంది. గోడకు దూరంగా నిలబడి చూసేదైతే 200 చాలు, అప్పుడు 30 అంగుళాలు.

మన ఊళ్ల ల్యాబులు పెళ్లి ఆల్బముల కోసం నడుస్తాయి. ముఖం తెల్లగా, రంగులు గాఢంగా చేయడం వాళ్ల అలవాటు. ‘కలర్ కరెక్షన్ వద్దు, షార్పెనింగ్ వద్దు’ అని ఆర్డరు మీదే రాయించండి. ఎస్‌ఆర్‌జీబీ (sRGB, ల్యాబులు వాడే మామూలు రంగుల ప్రమాణం) ఫైలు ఇచ్చి, ముందు ఒక చిన్న ముక్క వేయించి పగటి వెలుగులో చూడండి. పరీక్ష ముక్కకు మీ సిరీస్‌లోని అత్యంత ముదురు ఒంటిరంగు, అత్యంత తెల్లటి పంచె రెండూ ఉన్న ఫొటో ఎంచుకోండి. అవి రెండూ సరిగా వస్తే మిగిలినవి వస్తాయి.

అమ్మకానికో, ప్రదర్శనకో అయితే పిగ్మెంట్ ఇంకుతో నూలు కాగితం మీద వేయించండి, చదరపు మీటరుకు 300 గ్రాముల ప్రాంతంలో బరువున్నది. ఎన్ని ప్రతులో ముందే తేల్చి వెనక పెన్సిల్‌తో సంఖ్య, సంతకం వేయండి. ఫ్రేములో అద్దం ప్రింటుకు తగలకూడదు, మధ్యలో ఆమ్లం లేని మౌంటు బోర్డు ఉండాలి. వానాకాలంలో తడి పట్టే గోడకు వేలాడదీయవద్దు.

11. రాత, అప్పగింత

ఫొటో కింద రాసేది మూడు పంక్తులు దాటకూడదు. ఊరు, నెల, సంవత్సరం, ఇద్దరి బంధం. ‘అన్న, తమ్ముడు. పాత గట్టు ఉన్న చోట. మందడం.’ ఇంతే. విశేషణాలు వద్దు. వాళ్లు అన్న మాట ఏదైనా వాడితే, వాళ్లకు చదివి వినిపించాకే వాడండి.

ప్రదర్శనకు ముందు చూసుకోవాల్సినవి:

- ప్రతి ముఖానికీ సమ్మతి పత్రం ఉందా, అందులో ప్రదర్శనకు అవును అని ఉందా
- మనసు మార్చుకునే గడువు ముగిసిందా
- పేరు వద్దన్నవారి పేరు ఫైలు పేరులో కూడా తొలగించారా
- నంబరు పలకలు, సర్వే రాళ్ల మీద అంకెలు కనిపిస్తున్నాయా
- ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో ఇందులో ఉందా? వేరే ఒప్పందం లేకపోతే దాని కాపీరైటు తీయించుకున్నవారిదే, 1957 కాపీరైటు చట్టం ప్రకారం

ప్రదర్శన తెరిచేలోపే ఇద్దరికీ చెరొక ప్రింటు అందాలి. ఒకే ఇంట్లో లేనివారికి ఒకే ప్రింటు ఇచ్చి పంచుకోమంటే అదొక కొత్త తగాదా.